ఏడో పాటలో డీన్ టీ

మా బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేసే డీన్ ఓల్డ్‌రాయ్డ్ పేరు దేశమంతటికీ తెలుసు. అందుకోసం అతను చేసిన ఘనకార్యమేమీ లేదు. రెండేళ్ళు కలిసి కాపురం చేసిన టాంసిన్ క్లెగ్ ఒకరోజు గిటారు సర్దుకుని లండన్ వెళ్ళిపోయింది. వెళ్ళిన పిల్ల ఊరుకుందా? "థాంక్స్, డీన్" అని ఏకంగా ఒక ఆల్బమ్ విడుదల చేసింది. మొదటి పాట నుంచి చివరి పాట దాకా మావాడిని ఉతికి ఆరేసింది. అబద్ధాలకోరంది, తిరుగుబోతంది, తన పుట్టినరోజున ఇంకో అమ్మాయితో సముద్రం ఒడ్డుకి షికారు వెళ్ళాడంది. జనం కన్నీళ్ళు పెట్టుకుని మరీ కొన్నారు.

డీన్ తిరుగుబోతట! శనివారం సాయంత్రం తల్లి బ్రెండాని బింగో ఆటకి దింపి, అయ్యాక మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చే రకం. ఏటా మార్చిలో వచ్చే మదర్స్ డేకి ఆవిడకో కొత్త పూలకుండీ కొనిస్తాడు. ఆవిడ కుర్చీ పక్కన కిటికీలో పెట్టిన పాతది అప్పటికి ఎలాగూ చచ్చి ఉంటుంది. "మా అమ్మ చేతిలో మొక్క బతకదు" అని జాలిపడుతుంటాడు.

ఆ నిందలన్నీ సంతోషంగానే మోశాడు. నిజం చెప్పొద్దూ, తిరుగుబోతన్న పేరొచ్చాక మనిషి నడకే మారింది. పబ్బులో ఆడవాళ్ళు తల తిప్పి చూస్తుంటే ఛాతీ విరుచుకునేవాడు. తట్టుకోలేకపోయింది ఏడో పాటనే. డీన్ టీ ఎంత అధ్వాన్నంగా పెడతాడో అందులో పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా పాడి వినిపించింది.

మా డిపోలో టీ వంతులవారీగా పెడతాం. వంతు వచ్చినవాడు అందరికీ పెట్టాలి. వంతు లేనివాడు మనిషి కింద లెక్కే కాదు. డీన్ తన వంతు వచ్చినప్పుడు ఒకే టీ బ్యాగును నాలుగు కప్పుల్లో ముంచి, పైన పాలు కుమ్మరించి తెచ్చేవాడు. "అద్భుతం, డీన్" అనేవాళ్ళం. అతనటు తిరగ్గానే సింకులో పారబోసేవాళ్ళం. మా యార్క్‌షైర్‌లో ఒక మనిషితో నీ టీ బాగాలేదని ముఖం మీద అనడం కన్నా అతని ఇల్లు తగలబెట్టడం మర్యాద. అలాంటిది టాంసిన్ ఆ మాట రేడియోలో అనేసరికి మాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే ఫోర్‌మన్ నెవిల్, టీ పెట్టే వరసలోంచి డీన్ వంతు తీసేశాడు.

"వేరే ఆడదాంతో తిరిగానంటే పోనీలే అనుకున్నాను. టీ గురించి కూడా అబద్ధమేనట్రా?" అని డీన్ నా దగ్గర ఏడ్చినంత పని చేశాడు. "దాని నోటితోనే తప్పని చెప్పిస్తాను చూడు. నా వంతు నాకు రావాలి."

టాంసిన్ మా టౌన్‌హాల్లో పాడటానికొచ్చిన రోజున ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, నన్ను సాక్షిగా లాక్కుని, మధ్యాహ్నమే హాలు వెనక గుమ్మం దగ్గరికి చేరాడు. కారు దిగిన టాంసిన్ అతన్ని చూసి తల దించుకుంది.

"సారీ, డీన్. ఆ షికార్లూ, ఆ అమ్మాయిలూ అన్నీ కల్పించాను. మంచివాడి మీద పాట రాస్తే ఎవరు కొంటారు చెప్పు?"

"అవి వదిలెయ్. ఏడో పాట సంగతి చెప్పు." ఫ్లాస్కు మూతలోకి టీ వంచి చేతికిచ్చాడు. "తాగి, వీడి ముందు చెప్పు."

ఆమె దాన్ని చూసిందే గాని తాగలేదు. "అదొక్కటే నిజం, డీన్" అంది మెల్లగా. "రోజూ పొద్దున్నే మంచం దగ్గరికి తెచ్చిచ్చేవాడివి. అంత ప్రేమగా తెస్తుంటే ఎలా చెప్పను? నువ్వటు వెళ్ళగానే ముళ్ళమొక్క కుండీలో పోసేదాన్ని. చివరికి అదీ చచ్చింది."

డీన్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. డిపోలో అందరూ అద్భుతం అనేవాళ్ళా కాదా?"

నేను నా బూట్లు చూసుకున్నాను.

డీన్ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. వెధవని ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ ఇంటిదాకా వెళ్ళాను. లోపలికెళ్ళి, అలవాటు కొద్దీ తల్లికి టీ పెట్టి ఇచ్చాడు.

"ఎంత బాగుందో, బంగారం" అంది బ్రెండా, ఇంకా పెదవికి ఆనించకుండానే.

డీన్ చూపు కిటికీలోని కుండీ మీద పడింది. మొన్న మార్చిలో కొన్నదే. అప్పుడే ఆకులన్నీ పసుపెక్కి వేలాడుతున్నాయి. దాని కింద పళ్ళెంలో పాలరంగు మరకలు.

"అమ్మా" అన్నాడు. "ఇన్నేళ్ళూనా?"

ఆవిడ కప్పు పక్కన పెట్టింది. "నీ మనసు నొచ్చుకుంటుందని, నాన్నా."

నాకే కళ్ళు చెమర్చాయి. చివరికి డీన్ ముక్కు తుడుచుకుని, "ఎలా పెట్టాలో నేర్పుతావా?" అన్నాడు.

మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని గాని కుర్చీలోంచి లేవని బ్రెండా, నేను చెయ్యి చాపేలోపే వంటింట్లో ఉంది.