గులాబీ టీషర్టుల మీద నా ఫోటో

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నాకు రొమ్ము కాన్సరని తెలిసిన రోజున కాళ్ళ కింద నేల కొల్లేటి ఊబిలా దిగబడిపోయింది. ఆపరేషనయింది, కీమోలయ్యాయి, జుట్టంతా రాలిపోయింది, ఒకసారి పాటెత్తుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదని మా పాస్టరు గారిచేతే అనిపించుకున్న నేను, గుడికి వెళ్ళడం మానేసి, తలకు తువ్వాలు చుట్టుకుని వెనక గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి ఏడ్చేవారు, వాళ్ళను ఓదార్చడానికే నా ఓపికంతా అయిపోయేది! జబ్బుకన్నా భయమే నన్ను ఎక్కువ తినేసింది. "చావు రాకముందే నన్ను చావనియ్యకు తండ్రీ" అని ఒక్కటే ప్రార్థన.

వైద్యం ముగిసింది, ఆఖరి స్కానింగు తీశారు, ఫలితం ఇంకా రాలేదు. ఆ రోజుల్లోనే ఏలూరులో కాన్సరు రోగుల కోసం నడక పెట్టారు, తమ ఆప్తుల ఫోటో ఉన్న టీషర్టులు వేసుకుని ఒక్కో జట్టూ నడవాలట. మా వారు చేపల చెరువు గట్టు మీద నిలబడే తాడేపల్లిగూడెంలోని ఫ్లెక్సీ షాపుకి ఫోన్ చేసి, "మేము చర్చి వాళ్ళమండీ, మా ఆవిడ కరుణమ్మ ఫోటో పంపుతున్నాను, టీషర్టుల మీద అచ్చేసి కింద మంచి మాటేదైనా వేసేయండి" అని చెప్పి, అంతటితో తన పని అయిపోయిందనుకున్నారు.

నడక రోజు ఉదయం మా ఆడపడుచు దీనమ్మ తాడేపల్లిగూడెం నుంచి టీషర్టుల మూట తెచ్చి, నడకకని వచ్చిన సంఘమంతా చూస్తుండగా మా వరండాలో విప్పింది. చక్కటి గులాబీ రంగు, మేఘాలు, పావురాలు, మధ్యలో కిరీటం పెట్టిన నా ఫోటో, కింద పెద్దక్షరాలతో "ప్రభువునందు నిద్రించిన మా ప్రియమైన కరుణమ్మ"! పాపం ఆ షాపతను మాత్రం ఏం చేస్తాడు, చర్చి వాళ్ళు ఫోటో ఇచ్చారంటే అది చనిపోయినవాళ్ళ ఆదరణ కూడికకే అనుకున్నాడు.

"ఏం చెప్పావు అన్నయ్యా ఆయనకి?" అంది దీనమ్మ గుండె పట్టుకుని.

"ఫోటో కింద మంచి మాట వెయ్యమన్నానే!" అన్నారు మా వారు, మొహం తెల్లబోయి.

"ఏవండీ, ఫోటో మాత్రం బాగానే వచ్చిందండీ. నిద్రే, ఈ మందులతో రాత్రిళ్ళు ఒక్క కునుకూ పట్టడం లేదు, అది అబద్ధం," అన్నాను నేను.

అంతే, నాకు నవ్వొచ్చింది, కుట్లు పడ్డచోట లాగేంత నవ్వు, తువ్వాలు జారిపోయింది, నేను తీసుకోలేదు. తగలబెట్టేద్దాం వదినా అని దీనమ్మ ఏడుస్తుంటే, "ఒద్దమ్మా, నాకూ ఒకటియ్యి, పోయినావిడే ముందు నడుస్తుంది," అన్నాను. మనసులో మాత్రం, "ప్రభువా, నా చావు వార్త నేనే చదివేశాను, ఇక భయపడడానికేం మిగిలింది?" అనుకున్నాను. దేవునికే మహిమ, ఆ భయం ఆ క్షణానే నన్ను విడిచిపోయింది!

చీరల మీదే టీషర్టులు తొడుక్కుని ఏలూరు వెళ్ళాం. ఒక పెద్దాయన మా వారి చెయ్యి పట్టుకుని, "ఎప్పుడు పోయారండీ?" అని కన్నీళ్ళు పెట్టుకుంటే, పక్కనుంచి నేను, "ఇంకా బయల్దేరలేదండీ," అన్నాను. ఆయన ఫోటో వంకా నా గుండు వంకా చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశారు. గోడ పక్కన తలకు స్కార్ఫు కట్టుకుని కూర్చున్న ఒక అమ్మాయి అది చూసి ఫక్కున నవ్వింది. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని, "కీమో మొదలయ్యాక ఇదే నవ్వడమండీ," అంది. ఆ అమ్మాయి లేచి నాతో పాటు నాలుగడుగులేసింది. సహోదరులారా, నన్నెందుకు నవ్వించాడో దేవుడు నాకు అక్కడ చూపించాడు!

తర్వాతి వారం స్కానింగులో ఏమీ లేదని డాక్టరు గారు చెప్పారు, పరీక్షలకు మాత్రం వస్తూనే ఉండాలన్నారు, వెళ్తూనే ఉన్నాను. నన్ను నిలబెట్టిన దేవునికి, ఆయన వాడుకున్న ఆ వైద్యుల చేతులకు, నాకోసం మోకరించిన మీ అందరికీ వందనాలు. ఈ మాటలు చదువుతున్న సహోదరీ, నీ ఒంట్లో గడ్డేదైనా తగిలితే దాచుకోకు, భయమేస్తే ఒక్కదానివే కూర్చోకు. ప్రభువు మీద భారం వేసి నాకు కబురు పెట్టు, ఆస్పత్రి బెంచీ మీద నీ పక్కన నేను కూర్చుంటాను. పాట మాత్రం పాడతాను, అది నువ్వు ఓర్చుకోవాలి!