సరోజ నడుముకు రెండు కొలతలు

పోయిన సంవత్సరం ఆషాఢంలో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు సరోజ రాయచూరులోని నా కుట్టు దుకాణానికి వచ్చి, పరదా వెనక చీర కుచ్చిళ్లు తీసింది. నేను ఆడవాళ్ల బట్టలు కుట్టబట్టి నలభై ఏళ్లు. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. అంతకుముందు కొలతలన్నీ దారానికి ముడులే.

సరోజకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఇంట్లోనే పెరిటోనియల్ డయాలసిస్ చేసుకునేది. కెథెటర్ అనే సన్నని గొట్టం గుండా పొట్టలోకి మందునీళ్లు నింపి, కొన్ని గంటలకు తీసేయాలి. రోజుకు నాలుగుసార్లు, ఒక్కతే. భర్త పోయాడు, పిల్లలు లేరు. అందుకే ఆమె నడుముకు రెండు కొలతలు తీసేదాన్ని: నీళ్లున్నప్పుడు ఒకటి, తీసేశాక ఒకటి.

ముందటి నెలలో ఖాళీ పొట్ట కొలత రెండు వేళ్లు పెరిగింది. "తిన్నది ఒంటికి పడుతుందే" అని నవ్వి, లంగా కుట్లు విప్పి వదులు చేశాను. అది నా తప్పు.

ఈసారి బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది.

"అక్కా, దీనిమీద బిగ్గ ఒక పట్టీ కుట్టియ్యి. పండుకుంటె లోపటికి పోతుంది."

"డాక్టర్‌కు చూపెట్టినవా?"

"చూపెడితె ఇంట్ల చేసుకునుడు బంద్ చేయిస్తరు. వారానికి మూడుసార్లు దవాఖానల రక్తం కడిగే మిషిన్ కాడికి పోవాలె. తోలుకపోనీకె నాకెవరున్నరు?"

"ఒకసారి దగ్గు."

దగ్గింది. ఉబ్బు నా వేళ్లను తోసింది.

"బట్ట చినిగితె అతుకేస్త. కడుపుకు నేనేం అతుకెయ్యాలె? నడువ్."

"మరి దుకాణం?"

"ఏడికి పోదు. నాకోసం మాత్రం ఇంట్ల ఎవరు చూస్తున్నరే?"

కొలతల పుస్తకం చంకన పెట్టుకుని సరోజతో ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ నా అంకెలు చూసింది, ఉబ్బు నొక్కి చూసింది.

"హెర్నియా. నీళ్ల ఒత్తిడికి పొట్టగోడ బలం లేనిచోట లోపలిది తోసుకొస్తుంది. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ చేసి గాయం మానేదాకా మిషన్. తర్వాత మళ్లీ ఇంట్లోనే చేసుకోవచ్చు."

సరోజ అప్పుడు ఏడ్చింది.

నర్సు ఆపరేషన్ ఒప్పుదల కాగితం ఇచ్చింది. సంబంధం అన్నచోట 'అక్క' అని రాశాను. ఆ మాట నేను కాగితం మీద రాయడం అదే మొదలు. మిషన్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ తోడు వెళ్లాను. ఇప్పుడు తను ఇంట్లోనే చేసుకుంటోంది.

ఎవరి నడుమైనా పెరిగిందంటే ఇప్పుడు నేను వెంటనే కత్తెర పట్టను. ఎందుకు పెరిగిందని అడుగుతాను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది డాక్టరమ్మ శైలజ, నర్సు ఫాతిమా, సరోజ, తిప్పమ్మ అనే నేను. బయట బెంచీ మీద మా కోసం కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు.