మామ మోకాళ్లు, గోదావరి వేడినీళ్లు

నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కానీ ముందే చెబుతున్నాను. ఈ కథ అయ్యేసరికి ఒక పెద్దమనిషి కాలికి రెండు వేళ్లు తగ్గుతాయి, తగ్గించిన ఘనుణ్ని నేనే.

అప్పుడు నేను కొడకండ్లలో పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ని. ఉష్ణం పాఠమంటే నా తర్వాతే ఎవరైనా అనుకునేవాణ్ని. జఫర్‌గఢ్‌లో ఉండే మా మామకు, అంటే నా భార్య సుజాత వాళ్ల బాపుకు, మోకాళ్ల నొప్పులు. పదిహేనేళ్లుగా సుగర్ కూడా ఉంది. ఆ రెండో ముక్క నాకు తెలుసు. తెలిసీ దాన్ని ఇంట్లో వదిలేసి, మామను మాత్రం కారెక్కించాను.

గోదావరి ఇసుకలో గుంట తవ్వితే వేడినీళ్లు ఊరే చోటొకటి భద్రాచలం వైపు ఉంది. ఫోనులో చూశాను. ఫోనులో చూసినవాడికి మించిన వైద్యుడు లోకంలో లేడు కదా!

గుంట తవ్వగానే పొగలు లేచాయి. వేలు పెట్టి చూస్తే చుర్రుమంది, నోట్లో పెట్టుకున్నాను. కొబ్బరికాయలమ్మే అవ్వ కేకేసింది: "కాళ్లు పెట్టొద్దు బిడ్డా! బకిట్ల ముంచుకొని, సల్లార్చి పోసుకోవాలె."

"అవ్వా, గిది సైన్సు. నీకు తెల్వదు," అన్నాను.

మామ రెండు కాళ్లూ పెట్టి ముఖం చిట్లించాడు. "ఏందే అల్లుడా, సల్లటి నీళ్లకు గింత దూరం తెచ్చినవా?"

నా వేలు కాలింది, ఆయన కాళ్లకు చల్లగా ఉంది. నా క్లాసులో ఆఖరి బెంచీవాడికైనా అక్కడ అనుమానం వచ్చేది. నేనేమన్నానో తెలుసా? "గట్టి ఒళ్లు మామా నీది! జర సేపు ఉంచు."

అలా ఉంచి చరిత్ర అందుకున్నాను. రోమన్ల కాలంలో ఇలాంటి ఊటల చుట్టూ పట్నాలే వెలిశాయనీ, సిపాయిలు యుద్ధాల్లో నలిగిన ఒళ్లు వీటిలోనే నానబెట్టుకునేవారనీ, ఆ తర్వాత యూరప్‌లో డాక్టర్లే చీటీ రాసి పంపేవారనీ వర్ణించాను.

"మరి గా రోమన్లు యాడున్నరిప్పుడు?"

"సచ్చిపోయిన్రు మామా."

"గీ నీళ్లల్లనేనా?"

ఇద్దరం పడిపడి నవ్వాం. నవ్వుతూనే ఆయన కాలు పైకి తీశాడు. ఉడికిన చామగడ్డ తొక్కలా చర్మం ఇసుకలోనే ఉండిపోయింది. ఆయన కిందికి చూసి నెమ్మదిగా, "నొస్తలేదే," అన్నాడు. ఆ మాటకు నా నవ్వు ఆగిపోయింది. ఆ నొప్పి లేకపోవడం ఇప్పటికీ నాకు నిద్రలో గుర్తొస్తుంది.

మహబూబాబాద్ దవాఖానలో డాక్టరమ్మ కట్టు కడుతూ అడిగింది: "సుగరోళ్ల కాళ్లకు స్పర్శ పోతదని తెల్వదా? ఎవరు పెట్టమన్నరు?"

నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు: "పిలగాడు వద్దనే అన్నడమ్మా. నేనే ఇనలే."

నేను కాదనలేదు. ఇరవై రోజులకు కుడికాలి రెండు వేళ్లు తీసేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మోకాళ్లకు మందేస్తే వేళ్లు ఊడాయి. సుజాత రోజూ వాళ్ల బాపును తిడుతుంటే, నేను మంచం పక్కన మంచి అల్లుడిలా బత్తాయిలు ఒలుస్తూ కూర్చున్నాను. మామ నా వైపు చూసేవాడు కాదు. చూసి తిట్టినా బాగుండేది.

చివరికి ఆగలేక సుజాతతో చెప్పేశాను. "బాపుది అబద్ధం. నేనే పెట్టమన్న."

ఆమె చీర మడతపెడుతూ తల కూడా ఎత్తలేదు. "తెల్సు. పెండ్లయి పదకొండేండ్లాయె. బాపు ముంగట నువ్వు ఒక్కసారన్న వద్దన్నవా? 'పిలగాడు వద్దన్నడు' అని బాపు అన్ననాడే సమజైంది. నువ్వెప్పుడు ఒప్పుకుంటవో సూద్దామనే నీ ముంగట బాపును తిట్టిన."

అందుకే పాఠకులారా, పొయ్యి మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేస్తున్నాను. పొయ్యి ఆర్పే ఉందిలెండి. ఇకమీదట మా మామకు స్నానానికి కూడా నేను నీళ్లు కాచను. ఆయన దేనికైనా "సరే" అన్నాడంటే, ముందు నేను వద్దంటాను, ఆ తర్వాతే ఆలోచిస్తాను.