నూరుల్లా వాయిదాలు

ఢిల్లీ లాజ్‌పత్ నగర్ బజార్లో అఫ్గాన్ రొట్టె కాలుతున్న వాసన తగిలితే చాలు, నాకు సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. తొంభైల్లో లా చదువు ముగించి విజయవాడ నుంచి వచ్చి కటవారియా సరాయ్‌లో గది తీసుకున్న నన్ను జూనియర్‌గా చేర్చుకున్న లాయరు ఆవిడ. కోర్టులో ఎంత హిందీ, ఇంగ్లీషు మాట్లాడినా మమ్మల్ని తిట్టాలంటే మాత్రం ఆవిడకు తెనాలి తెలుగే కావాలి.

ఆవిడదొక పద్ధతి. విచారణకు ముందురోజు ఆఫీసులో జూనియరు ప్రభుత్వం తరఫున వాదించాలి, ఆవిడ క్లయింటు తరఫున. నా వంతుకు నూరుల్లా కేసు వచ్చింది. కాబూల్లో తన తమ్ముణ్ణి శత్రువులు చంపేశాక పారిపోయి వచ్చి, ఢిల్లీలో రొట్టెలు కాల్చుకుని బతుకుతున్నాడు. వీసా గడువు దాటింది, దేశం వదిలిపొమ్మన్నారు. వెనక్కి పంపితే తననూ చంపుతారని హడలిపోతున్నాడు.

నేను రెచ్చిపోయి వాదించాను. "మన దేశం శరణార్థుల ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు మేడమ్. మన చట్టంలో శరణార్థి అన్న మాటే లేదు. ఉన్నది విదేశీయుడే. పంపించే అధికారం ప్రభుత్వానిది."

"ప్రాణానికి రక్షణ పౌరుడికే అని రాజ్యాంగంలో రాసుందా?"

"లేదు, ఏ మనిషికైనా ఉంది. కానీ ఇక్కడ ఉండిపోయే హక్కు పౌరుడికే."

"మరి చస్తాడని తెలిసీ పంపితే?"

నేను చట్టం పుస్తకం మళ్లీ తిరగేశాను. "నాకూ తెగట్లేదే అమ్మాయ్," అన్నారావిడ. సీనియరుకే తెలియకపోతే రేపు ఏమవుతుందోనని నాకు భయం వేసింది.

మర్నాడు కోర్టులో ఆవిడ అదే ప్రశ్న వేశారు. పై అధికారులను అడిగి చెబుతానన్నాడు ప్రభుత్వ లాయరు. వచ్చే వాయిదా దాకా పంపొద్దన్నారు జడ్జిగారు. బయటికి రాగానే నూరుల్లా హిందీలో అడిగాడు: "దీదీ, ఇది నా హక్కా, వాళ్ల దయా?"

నేను మేడమ్ మొహం చూశాను. "తెలీదు భయ్యా," అన్నారావిడ. "మీరు రొట్టెలు కాల్చుకోండి. వాయిదాల సంగతి మేం చూస్తాం."

అలా వాయిదా మీద వాయిదా పడింది. కేసు తేలకుండానే మేడమ్ పోయారు. నేనూ ఇప్పుడు నా జూనియర్లతో ముందురోజు ప్రభుత్వం తరఫున వాదింపజేస్తాను. హక్కో దయో నాకు ఇప్పటికీ అయోమయమే.

నెరిసిన గడ్డంతో పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి నన్ను చూసి నవ్వుతాడు. "దీదీ, తేలిందా?"

"ఇంకా లేదు భయ్యా."

"ఠీక్ హై," అంటూ వేడి రొట్టె చేతిలో పెడతాడు. చట్టంలో శరణార్థి అన్న మాట ఇప్పటికీ లేదు. నూరుల్లా మాత్రం ఉన్నాడు.