అట్ట ఊదదు

శాస్త్రంలో రాసి ఉంది కాబట్టి నిజం అనేవాణ్ణి చూసి మీరు నవ్వుతారు. మరి రికార్డు అట్ట మీద అచ్చయింది కాబట్టి నిజం అనేవాణ్ణి ఏం చేస్తారు? ఆ రెండోవాణ్ణి నేనే. "ఎవరు చెప్పినా నమ్మకు, పరీక్షించు" అని ఏళ్ల తరబడి వేదికలెక్కి అరిచినవాణ్ణి. ఇవాళ ఉదయం అజ్మాన్‌లోని నా గదిలో పాత రికార్డు మీద ముల్లు దించగానే నూనెలో ఆవాలు చిటపటలాడిన చప్పుడయింది. వెనకే సాక్సఫోన్ లేచింది. నర్సయ్యగారు గుర్తొచ్చి ముల్లు ఎత్తేశాను.

మాస్కుల కాలంలో నేను దుబాయ్ అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్‌లో పనిచేసేవాణ్ణి. మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, జాజ్ రికార్డులు కూడబెట్టే పిచ్చి. అమెరికాలో నల్లవాళ్లు పుట్టించిన ఆ సంగీతంలో ఏ రికార్డులో ఎవరు వాయించారో రాసి కేటలాగు తయారుచేయడం నా పని. నర్సయ్యగారు పెట్టెలు దించేవారు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి, ఇంటి వృత్తి సన్నాయి. ఈ 'గారు' ఇప్పుడు తగిలిస్తున్నాను. అప్పుడు 'నర్సయ్యా' అనే పిలిచేవాణ్ణి.

ఒకరోజు అట్ట పోయిన రికార్డు ఒకటి పెట్టి వింటున్నాను. భుజాన పెట్టెతో ఆయన గుమ్మంలో ఆగారు.

"సారూ, గీయన నిన్న ఊదినాయనే గద?"

వెతికి చూస్తే నిజమే. "ఎలా తెలిసిందయ్యా?"

"దమ్ము ఇడిశే తీరుల దెలుస్తది. మా అయ్య ఊదుతుంటె పందిరవతల నిలవడి, ఊదేది ఆయనే అని చెప్తుంటి. గీయన ఉన్నడా?"

"పోయి చాలా ఏళ్లయింది. బతికున్నప్పుడు, తను వాయించే హోటల్లోకే ముందు గుమ్మం నుంచి రానిచ్చేవాళ్లు కాదు."

ఆయన నవ్వారు. "మాకు గూడ పెండ్లిల ఆఖరి బంతే సారూ. మనిషి పోయిండు గని, సూడు, దమ్ము పోలే."

ఆ రోజుల్లోనే ముదీర్, రికార్డులు వినే గదిలో నాకొక సహాయకుణ్ణి పెడతానన్నాడు. నర్సయ్యగారు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు: "నడుం పోయింది సారూ. గా గదిల కూసోబెడితె ఇంకో నాలుగేండ్లు గుంజుత." మాట సాయం చేయొచ్చు. నేను మాత్రం హేతువాదిని కదా! పరీక్ష పెడదామన్నాను. అట్టలు దాచి, పది రికార్డులు, ఊదేదెవరో చెప్పాలి, అందరి ముందూ. అలా పెట్టినందుకు ఆనాడు గర్వపడ్డాను కూడా.

తొమ్మిది సరిగ్గా చెప్పారు. తోటి లోడర్లు ఈలలు వేశారు. పదోది రెండు వైపులా వేశాను.

"ఇది ఒక్కడు ఊదలే సారూ, ఇద్దరు. మొదటోడు దమ్ము ఒడిశెదాంక సురం ఇడువడు. రెండోటాయన దమ్ముండగనే ఇడిశిపెడుతుండు."

"అట్ట మీద ఒకటే పేరుందయ్యా."

"అట్ట ఊదదు గద సారూ!"

అందరూ గొల్లుమన్నారు. నాకు మండింది. ముదీర్ నావైపు చూశాడు: "కాగజ్ మే ఏక్ నామ్ హై?" కాగితం మీద ఒకటే పేరుందన్నాను. మిగతావీ ఊహలే అయ్యుండొచ్చనీ అన్నాను. "ఖలాస్" అన్నాడు. నర్సయ్యగారు మళ్లీ పెట్టెల దగ్గరికి వెళ్లిపోయారు.

కొన్ని నెలలకు అదే రికార్డు కొత్త ముద్రణ వచ్చింది. లోపల ఒక కరపత్రం. పాత అట్ట మీద పొరపాటు జరిగిందట. రెండో వైపు ఊదినది వేరే మనిషట, పేరు మాత్రం దొరకలేదట. పేరు రాకుండానే పోయిన ఆ వాద్యకారుడు లోకానికి మిగిల్చింది ఆ ఒక్క పాటే. దాన్ని ఇంకొకరి పేరు మీద నేనూ అచ్చు వేయించాను, నా పేరున్న కేటలాగులో. సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది. నర్సయ్యగారు చెబితే నమ్మనిది, కాగితం చెబితే వెంటనే నమ్మాను.

అప్పటికే లోడర్లను తగ్గిస్తున్నారు. ఆయన తిరుగు టికెట్టుకు ఇంకా మూడు రోజులుంది. ముదీర్‌కు చెబితే ఆగేవారేమో. నేను కరపత్రాన్ని సొరుగులో పెట్టేశాను.

వెళ్లేరోజు వచ్చారు. "పోతున్న సారూ. గా పదోది ఒక్కపారి పెట్టు."

పెట్టాను. మాస్కు దించి, కళ్లు మూసుకుని విన్నారు. సొరుగు నా మోకాలికి తగులుతోంది.

"ఇద్దరే సారూ" అన్నారు. వాదన లేదు, టైమెంతయిందో చెప్పినట్టు. "నీకు గూడ ఇనవడుతుందా?"

"బస్సొచ్చింది, వెళ్లు నర్సయ్యా" అన్నాను.

"యల్లా మరి. మంచిగుండు సారూ."

ఆ కరపత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. 'పరీక్షించు' అనే మాట వేదిక మీద నా నోట మళ్లీ రాలేదు. పరీక్ష పెట్టడం నాకు వచ్చు. అందులో ఓడిపోవడం రాలేదు.

ఆ కేటలాగు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే తీయండి. ఆ రికార్డు రెండో వైపున నేను రాసిన పేరు కొట్టేయండి. 'వేరే మనిషి' అని రాసి, చెప్పినవారు నర్సయ్య అని పక్కన రాయండి. కేటలాగు లేనివాళ్లు, అచ్చు కాగితం చూపి మీరు నోరు మూయించిన మనిషి దగ్గరికి ఇవాళే వెళ్లండి. కాగితం బయటే వదిలేసి వెళ్లండి.