పిన్ని వేసిన కుర్చీలు

మా పిన్ని పుస్తకాల కొట్టులో కొత్త పుస్తకం విడుదలైన ప్రతిసారీ కుర్చీలు ఆవిడే వేస్తుంది, అదీ మహా పిసినారిలా. ముందు ఒక్క వరస వేసి, జనం వచ్చేకొద్దీ లోపలి గదిలోంచి ఒక్కొక్కటే తెస్తుంది. "ఖాళీ కుర్చీలు చూస్తే రాసినవాళ్ల గుండె జారిపోతుందే" అంటుంది.

ఆ రోజు మాత్రం ఉన్న కుర్చీలన్నీ పొద్దున్నే వేసేసింది. ఒక బస్సు కండక్టరమ్మ రాసిన మొదటి కథల పుస్తకం అది. ఆ కథలు చదివిన దగ్గర్నుంచీ పిన్నికి కాళ్లు నేలమీద నిలవట్లేదు. "ఊరంతా వస్తుంది, చూస్తూ ఉండు" అంది. నేను వద్దంటే వింటేగా!

సాయంత్రం వచ్చింది ముగ్గురు. అందులో ఒకాయన వాన పడుతోందని దూరాడు. సినిమాకైతే తోసుకుంటూ పోయే ఊరికి, ఇంత మంచి పుస్తకానికి తీరిక లేదట! నాకు ఒళ్లు మండిపోయింది. పిన్ని మొహం చిన్నబోయింది. చప్పుడు కాకుండా వెనక కుర్చీలు మడవబోయింది.

కండక్టరమ్మ చూడనే చూసింది.

"ఉండనివ్వండక్కా," అంది పుస్తకం తెరుస్తూ. "మొదటి స్టాపులో బస్సు ఎప్పుడూ ఇంతే. ఖాళీగా ఉందని సీట్లు పీకేస్తామా?"