బొట్టు పెట్టుకున్న క్రికెటర్లు

పెళ్ళీడుకొచ్చిన మగవాడు చూయింగ్‌గమ్ పొట్లాల్లో వచ్చే క్రికెటర్ల బొమ్మలు మార్చుకోవడానికి ప్రతి ఆదివారం సంగారెడ్డిలో బస్సెక్కి పటాన్‌చెరు వెళ్ళేవాడంటే మా ఇంట్లో పిల్లలు ఇప్పుడు నమ్మరు. నమ్మకపోతే వాళ్ళిష్టం. డెబ్భైల మొదట్లో నాకు ఇరవై రెండేళ్ళు. సంగారెడ్డి బజారులో మాకు కిరాణా దుకాణం ఉండేది. నా తలలో మాత్రం క్రికెట్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పొట్లానికో బొమ్మ వచ్చేది, బొమ్మ వెనక ఒక అంకె. మొత్తం నలభై ఎనిమిది. అంటించుకోవడానికి గళ్ళు గీసిన ఆల్బం కంపెనీవాళ్ళే ఇచ్చేవారు. దుకాణం మాదే కాబట్టి పొట్లాలన్నీ విప్పి బొమ్మలు కాజేసి, ఉత్త గమ్ము జనానికి అంటగడదామన్న దుర్బుద్ధి నాకు చాలాసార్లు పుట్టింది. మా నాన్న చూపుకు భయపడి ఊరుకున్నాను.

మేం ముగ్గురం కలిసేది పటాన్‌చెరు బస్టాండు పక్కన ఒక దర్జీ దుకాణంలో. ఆ దర్జీ నలభై దాటినవాడు, బొమ్మల పిచ్చిలో నన్ను మించినవాడు. మూడో మనిషి కోస్తా నుంచి వచ్చి అక్కడి ప్రభుత్వ కార్ఖానాలో లేతు మిషను మీద టర్నర్‌గా చేసేవాడు. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద. అయినా నన్ను ‘శెట్టిగారూ’ అని పిలిచేవాడు, ప్రతి మాటకూ ఒక ‘అండీ’ తగిలించేవాడు. మా వైపు కుర్రవాణ్ణి పట్టుకుని అంత మర్యాద చేస్తే వెక్కిరిస్తున్నారనే అనుకుంటాం. మొదటి రెండు వారాలు నేను అతనితో ముఖం మాడ్చుకునే మాట్లాడాను. తర్వాత అది అతని తీరేనని తెలిసి సిగ్గుపడ్డాను.

మార్పిడికి మా నియమాలు మాకుండేవి. బొమ్మ ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని తుడుచుకోవాలి. అంచులు తప్ప పట్టుకోకూడదు. టర్నర్ ప్రతి బొమ్మనూ కంటికెదురుగా అడ్డంగా పట్టుకుని, కార్ఖానాలో ఇనుప కడ్డీని చూసినట్టు ఒక కన్ను మూసి చూసేవాడు. వంగినదైతే ఒకటికి రెండు ఇవ్వాలి. మచ్చ పడితే మాత్రం ఇక మాటే లేదు. “దాగ్ లగా తో ఖతమ్, సేఠ్” అని దర్జీ దాన్ని పక్కకు తోసేసేవాడు.

ఆ సంవత్సరం దీపావళికి పది రోజుల ముందు టర్నర్ తన ఆల్బం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నేను అదిరిపడ్డాను. ఆల్బం చేతికివ్వడమంటే మాలో సామాన్యమైన విషయం కాదు. సెలవు పెట్టి ఊరు వెళ్తున్నాడట. అతనితో కలిపి ముగ్గురు బ్రహ్మచారులు ఉండే గదికి సున్నాలు వేస్తున్నారట, సామానంతా వరండాలో పడేశారట.

“మీ ఇంట్లో బీరువా ఉందన్నారు కదండీ. వచ్చేదాకా మీ దగ్గర ఉంచండి” అన్నాడు.

చేతులు కడుక్కొచ్చి తెరిచాను. నలభై ఏడు బొమ్మలు, ఒక్కదాని మీదా చిన్న గీత కూడా లేదు. నాకు అసూయ పుట్టింది. నలభై ఎనిమిదో బొమ్మ మాలో ఎవరికీ దొరకలేదు. అతని ఆల్బంలో ఆ గడి మాత్రం ఖాళీగా లేదు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న ఒక కుర్రాడి ఫొటో, గడి కొలతకు కత్తిరించి, నాలుగు మూలలా జిగురు పెట్టి ఉంది. చేతిలో బంతి, ముఖంలో నవ్వు.

“మా అన్నయ్యండీ. అసలు మనిషి దొరికేదాకా ఆయన బదులు ఫీల్డింగ్ చేస్తున్నాడు” అన్నాడు నవ్వుతూ.

తర్వాత మెల్లగా మిగతాది చెప్పాడు. చదువు మాని ఆటలంటూ తిరుగుతున్నాడని తండ్రి కొట్టిన రోజున అన్న ఇల్లు వదిలి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళయింది, ఒక్క ఉత్తరం లేదు. తండ్రి కోపంతో ఇంట్లో ఉన్న అతని ఫొటోలన్నీ పొయ్యిలో వేశాడు. ఇతను తన లెక్కల పుస్తకంలో దాచుకున్న ఈ ఒక్కటే మిగిలింది. తండ్రి పోయాడు. ఊళ్ళో వాళ్ళు పెద్దకొడుకు కూడా పోయుంటాడని అంటే తల్లి వాళ్ళతో మాట్లాడటం మానేసింది. రోజూ భోజనాల దగ్గర అతనికి కూడా ఒక పీట వాలుస్తుంది.

“జెర కూడా పరేషాన్ కాకుండ్రి. కంటికి రెప్పలా చూసుకుంట” అన్నాను. పెద్ద మాట అన్నాను.

తెల్లగుడ్డలో చుట్టి మా ఇంటి బీరువాలో పెట్టాను. పండగకు దుకాణం కోసం కొత్తగా తెచ్చిన లెక్కల పుస్తకాలు కూడా ఆ అరలోనే ఉన్నాయి. ఇంట్లో చెమ్మ తగలని చోటు అదొక్కటే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దీపావళి నాడు కోమటి ఇళ్ళలో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? కొత్త పుస్తకాలు, తక్కెడ, రాళ్ళు, కొలత పాత్రలు అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి లక్ష్మీపూజ చేస్తారు. మా ఇంట్లో ఆ బొట్లు పెట్టే పని మా నాయనమ్మది. ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పుకునేది కాదు. ఆ పొద్దున నేను దుకాణం కడిగించి, జోగిపేట నుంచి వచ్చిన బంతిపూల బుట్ట పట్టుకుని ఇంట్లోకి వచ్చాను. నాయనమ్మ చాప మీద కూర్చుని ఉంది. ఒక పక్క తడి పసుపు గిన్నె, ఇంకో పక్క కుంకుమ భరిణ. బొట్లు పెట్టిన పుస్తకాలు వరసగా ఆరుతున్నాయి. ఆ వరస చివర ఆల్బం తెరిచి ఉంది.

బుట్ట నా చేతిలోంచి జారిపోయింది.

ప్రతి క్రికెటర్ నుదుటి మీదా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. ఒక్కరినీ వదల్లేదు. తలపాగా ఉన్నాయనకు తలపాగా మీద పెట్టింది. టోపీ పెట్టుకున్న తెల్లవాళ్ళకు టోపీల మీద పెట్టింది. వికెట్ల వెనక వంగి కూర్చున్నవాడికి నుదురు కనపడకపోతే వీపు మీద పెట్టింది. తడి పసుపు కాగితంలోకి ఇంకి, కొన్ని ముఖాలు కామెర్లు వచ్చినట్టున్నాయి.

“ఏందే నాయనమ్మా గిది!” అన్నాను.

“ఫొటోలన్నీ ఉత్త నొసళ్ళతోని ఉన్నయ్ రా. పండుగ పూట గట్ల ఉంచుతరా? ఒక్కొక్కటి పట్టి పెట్టేసరికి నడుం పడిపోయింది” అంది, నేను మెచ్చుకుంటానని చూస్తూ.

తప్పు ఆమెది కాదు. మా ఇంట్లో ఫొటో అంటే రెండే రకాలు. దేవుళ్ళవి, పోయినవాళ్ళవి. రెండింటికీ బొట్టు పెడతారు. బతికున్నవాళ్ళు బొమ్మల్లో ఉంటారని, వాళ్ళను పుస్తకంలో అంటించుకుని దాచుకుంటారని ఆమెకు తెలియదు. నేనెప్పుడూ చెప్పనూ లేదు.

ఆమె వేలితో ఆఖరి గడి చూపించింది. “గీ పిలగాడు మరీ చిన్నోడు, పాపం. ఎట్ల పోయిండు రా?”

టర్నర్ అన్న నుదుటి మీద అందరికన్నా పెద్ద బొట్టు ఉంది. పక్కన ఒక మందారపు రేక కూడా అంటించింది. నాకు భయం పట్టుకుంది. నలభై ఏడు బొమ్మలు పాడైనందుకు కాదు. వాటి సంగతి అప్పుడే మర్చిపోయాను. ఎనిమిదేళ్ళుగా ఒక తల్లి ఎవరినీ అననివ్వని మాటను మా నాయనమ్మ పసుపు కుంకుమతో రాసి పెట్టింది. ఆ ఫొటో అలా తిరిగి ఇవ్వడం కన్నా చచ్చిపోవడం నయమనిపించింది.

ఆల్బం లాక్కుని పెరట్లోకి పరుగెత్తాను. ముందు ఆ ఆఖరి ఫొటోను పొడిగుడ్డతో తుడిచాను. కుంకుమ కొంచెం రాలింది, పసుపు కదల్లేదు. స్నానాల కోసం కాగుతున్న వేడినీళ్ళలో గుడ్డ ముంచి, సబ్బు రాసి అద్దాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని మా దుకాణానికి వచ్చే ప్రతి ఆడమనిషికీ తెలుసు. పసుపూ సబ్బూ రెండూ అమ్ముకు బతికేవాణ్ణి, నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. నుదురంతా నెత్తురు రంగుకు తిరిగింది. అది చూసి నాకు పిచ్చెక్కినట్టయింది. గట్టిగా రుద్దాను. ఇంకా గట్టిగా రుద్దాను. వేలి కింద ఏదో జిగటగా, మెత్తగా కదిలింది.

గుడ్డ తీసి చూశాను. ఎర్ర మచ్చ పోయింది. బొట్టు పోయింది. దానితో పాటు నుదురు, కళ్ళు, ముక్కు, నవ్వు కూడా పోయాయి. తెల్ల చొక్కా, బంతి పట్టుకున్న చెయ్యి మిగిలాయి. చొక్కా పైన తెల్లటి కాగితం ఉంది. గుడ్డకు నల్లటి పొర అంటుకుని ఉంది. ఆ గుడ్డను విప్పి, ముఖం ఎక్కడైనా కనపడుతుందేమోనని వెతికాను. అంత అయోమయంలో ఉన్నాను.

టర్నర్ తిరిగొచ్చాక వచ్చిన ఆదివారం పటాన్‌చెరు వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. దర్జీ దుకాణంలో అడుగుపెట్టగానే అన్నీ మరిచిపోయాను. టర్నర్ చేతులు కడుక్కొచ్చి, తుడుచుకుని, ఆల్బం అందుకుని మొదటి పేజీ తెరిచాడు. దర్జీ మిషను ఆపాడు.

“యే క్యా హై, సేఠ్?”

నేను నోరు తెరిచేలోపే టర్నర్ పకపకా నవ్వాడు. నేను ఊహించనిది అదే. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

“బాబోయ్! మా వాళ్ళందర్నీ పెళ్ళికొడుకుల్ని చేసేశారేంటండీ!” అన్నాడు. అతని ఊళ్ళో బొట్టు చూస్తే ముందు పెళ్ళి గుర్తొస్తుంది కాబోలు. వీపు మీద బొట్టున్న వికెట్‌కీపర్‌ను దర్జీకి చూపించి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆరేళ్ళు కూడబెట్టిన బొమ్మలవి. వాటి గురించి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నవ్వుతూనే పేజీలు తిప్పుతున్నాడు. ఆగమని చెప్పాలి.

ఆఖరి పేజీ తిప్పాడు.

నవ్వు వెంటనే ఆగలేదు. ముఖం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. ఆల్బం దగ్గరగా తెచ్చుకుని, దూరంగా పట్టుకుని చూశాడు. నేను అప్పుడు ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. “మా నాయనమ్మకు ఎరుక లేక బొట్టు పెట్టింది. పోయినోళ్ళకు పెట్టినట్టు పెట్టింది. నీకు గది చూపియ్యలేక నేను కడిగిన. నేనే కడిగిన” అన్నాను. ఎప్పుడూ అతన్ని ‘మీరు’ అనేవాణ్ణి, ఆ రోజు ‘నువ్వు’ అనేశానని తర్వాత తెలిసింది.

అతను నా మీద కోప్పడలేదు. నిజంగా అర్థం కాక అడుగుతున్నట్టు అడిగాడు.

“బొట్టు ఉండనివ్వాల్సిందండీ. దాని కింద మొహం ఉండేది కదా.”



“మా అమ్మకి చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోకముందే అన్నయ్యని ఓసారి చూపించమని అడిగింది. వచ్చే నెల ఈ ఫొటో తీసుకొస్తానని చెప్పి నిన్ననే వచ్చానండీ” అన్నాడు.

ఆల్బం మూసి, రెండు చేతులతో నాకే తిరిగిచ్చి, షిఫ్టు బస్సుకు టైమైందని లేచాడు. ఆ రోజు ఆదివారం, అతనికి షిఫ్టు లేదు.